పక్క ఖాళీ ప్లాటులో మంట: కాలనీల్లో వేసవి అగ్గి ఎక్కడ పుడుతుంది, ఎలా ఆపొచ్చు

ఏప్రిల్ మూడో వారం, పగలు పదకొండున్నర. మా వీధి చివర రెండు వందల గజాల ఖాళీ ప్లాటు ఒకటి ఉంది. ఊడ్చిన వేపాకులు, రెండు కొబ్బరి మట్టలు, ఎవరో పడేసిన థర్మకోల్ పెట్టె ఆ ప్లాటు మూలకు చేర్చి ఎవరో అగ్గిపుల్ల గీశారు. రోజూ జరిగేదే. ఐదు నిమిషాల్లో ఆరిపోవాల్సిన కుప్ప. ఆ రోజు గాలి అటు తిరిగింది. కుప్ప అంచు నుంచి మంట మోకాలెత్తు గడ్డిలోకి పాకింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో గడ్డి మంట కంటికి సరిగా ఆనదు. చిటపట వినిపిస్తుంది, పసుపుపచ్చటి ఎండుగడ్డి వరసగా నల్లబడుతూ రావడం కనిపిస్తుంది, అంతే. మేం బయటికొచ్చి చూసేసరికి ఆ నలుపు సగం ప్లాటు దాటింది.

అవతలి గోడకు ఆనించి, కట్టుబడిలో ఉన్న ఇంటి వాచ్‌మన్ కుటుంబం గుడిసె వేసుకుంది. నాలుగు రేకులు, పైన నీలం టార్పాలిన్. ఆయన భార్య ముందు పిల్లను, తర్వాత గ్యాస్ సిలిండర్‌ను బయటికి లాగింది. మిగతావి లాగే టైమ్ లేకపోయింది. టార్పాలిన్ అంటుకోవడం కాదు, కరిగి బొట్లు బొట్లుగా కింద బట్టల మూట మీద పడింది. సంపులోంచి బకెట్లతో నీళ్లు మోసి మొత్తానికి ఆర్పాం. పక్కనున్న స్లాబు ఇళ్లకు గోడ మీద మసి తప్ప ఏమీ కాలేదు. ఆ కుటుంబానికి మాత్రం బట్టలు, పిల్ల పుస్తకాలు, వానాకాలానికని దాచుకున్న బియ్యం పోయాయి.

సాయంత్రం వీధిలో అందరి నోటా ఒకటే మాట: "ఎండలు అట్లున్నయి, అంటుకోకేం చేస్తుంది?" ఆ మాట దగ్గరే నాకు ఆగాలనిపిస్తుంది. ఎండను తప్పుపట్టి వదిలేస్తే మళ్లీ ఏడాది ఇదే జరుగుతుంది.

ఎండకు గడ్డి అంటుకుంటుందా?

అంటుకోదు. మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగుపెట్టలేనంతగా కాలే నేల కూడా దాదాపు 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎండుగడ్డి మంటగా మారాలంటే సుమారు 250 డిగ్రీలో, అంతకన్నా ఎక్కువో కావాలి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని ఏ రోహిణి కార్తె ఎండా దాటలేదు. పగిలిన గాజు పెంకు మీద ఎండ పడి అంటుకుందని కొందరంటారు. చదునుగా ఉండే పెంకు వెలుగును ఒకచోటికి కూడగట్టలేదు. నీళ్లున్న సీసా లాంటిది భూతద్దంలా పనిచేసే వీలుంది కానీ అది చాలా అరుదు. కాబట్టి కాలనీలో గడ్డి అంటుకుందంటే దాదాపు ప్రతిసారీ ఒక నిప్పు బయటి నుంచి వచ్చిందనే అర్థం. అగ్గిపుల్ల, బీడీ ముక్క, కరెంటు నిప్పురవ్వ, ఏదో ఒకటి.

మరి ఎండ చేసేదేమిటి? చిన్న నిప్పుకు కూడా లొంగిపోయేలా గడ్డిని తయారు చేసి పెడుతుంది. ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

మొదటిది గాలిలో తేమ. తెల్లవారుజామున 25 డిగ్రీలు, తేమ 70 శాతం ఉందనుకుందాం. గాలిలోని నీటి ఆవిరి ఏమీ మారకుండా అదే గాలి మధ్యాహ్నానికి 42 డిగ్రీలకు వేడెక్కితే, తేమ శాతం 27 దగ్గరికి పడిపోతుంది. ఆవిరి ఎక్కడికీ పోలేదు. వేడి గాలికి నీటి దాహం పెరిగింది. ఆ దాహంతో ఎదురైన ప్రతి దాని నుంచీ నీటిని పీలుస్తుంది. ఆరేసిన బట్టలు అరగంటలో ఆరిపోయేది, మన పెదాలు పగిలేది, గడ్డి గలగలమనేది ఈ ఒక్క కారణంతోనే. తెలంగాణలో ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తేమ 20 శాతం కన్నా కిందికి దిగే రోజులు కొత్తేమీ కాదు. కోస్తాలో సముద్రపు గాలి ఆలస్యమై పడమటి గాలి కొట్టిన రోజూ అంతే.

రెండోది మందం. అడవి మంటల లెక్కలు చూసేవాళ్లు ఎండు పుల్లల్ని వాటి మందాన్ని బట్టి వేరు చేస్తారు. పావు అంగుళం కన్నా సన్నగా ఉన్నదాన్ని 'గంట ఇంధనం' అంటారు. చుట్టూ ఉన్న గాలి పొడిబారితే అది కూడా దాదాపు గంటలోనే పొడిబారుతుందని అర్థం. దుంగకు నెలలు పడుతుంది. గడ్డిపోచ, వేపాకు, ఎండిన వయ్యారిభామ కాడ, ఇవన్నీ గంట ఇంధనాలే. పొద్దున ఆరింటికి మంచు తడితో మెత్తగా ఉన్న గడ్డి పదకొండింటికి అగ్గిపెట్టె పుల్లలా తయారవడం అందుకే. పొద్దున్నే ఆకులు తగలబెట్టినప్పుడు పొగ తప్ప మంట సరిగా రాదు. అదే కుప్పకు అదే మనిషి మధ్యాహ్నం నిప్పు పెడితే చేతికి చిక్కదు. "రోజూ చేస్తున్నదే కదా" అనే ధైర్యం పుట్టేదీ, దెబ్బతినేదీ ఇక్కడే.

మూడోది గాలి. గాలి మంటకు ఊపిరి పోయడమే కాదు, మంటను ముందుకు వంచుతుంది. వంగిన మంట ఇంకా అంటుకోని గడ్డిని ముందే కాచి ఎండబెడుతుంది. పైగా కొబ్బరాకు తునకో, కాగితమో నిప్పుతో లేచి రోడ్డు దాటి అవతల పడుతుంది. మేం ఒక చివర నీళ్లు చల్లుతుంటే ఇంకోచోట పొగ లేచింది ఇలాగే.

ఎండ, గాలి, వేళ, ఈ మూడింటి సంబంధాన్ని ఒక ప్రభుత్వం ఎంత సీరియస్‌గా తీసుకుందో చెప్పడానికి బీహార్ ఉదాహరణ ఉంది. 2016 ఏప్రిల్‌లో అక్కడ పల్లెల్లో పూరిళ్లు వరసగా తగలబడుతుంటే, పగలు తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పొయ్యి వెలిగించొద్దని, హోమాలు చేయొద్దని ప్రభుత్వం ఆదేశించింది. పేదింట్లో పగటి వంట ఆపమనడం ఎంత కష్టమో వాళ్లకు తెలియక కాదు. ఆ వేళలో పొయ్యిలోంచి లేచే ఒక్క రవ్వ చాలని తెలిసి. తాటాకు ఇళ్ల కాలంలో మన పల్లెల్లో పెద్దవాళ్లు "పడమటి గాలి లేచేలోపు పొయ్యి ఆర్పెయ్యండి" అన్నదీ ఇదే.

నిప్పు ఎవరిది?

అన్నింటికన్నా పెద్ద కారణం శుభ్రం చేయడానికని పెట్టే మంట. ఈ మాట రాయడానికి బాధగా ఉన్నా నిజం ఇదే. ఆకులు ఊడ్చి కాల్చడం, ప్లాటులో చెత్త పేరుకుంటే కాల్చడం, పాములు వస్తాయని గడ్డికి నిప్పు పెట్టడం, దోమలకని పొగ పెట్టడం. పాముల భయం ఉత్తిదని నేననను, నిజమే. కానీ గడ్డి కాలితే చాలాసార్లు పాము చావదు, పారిపోతుంది. పారిపోయేది పక్కింటి గోడ కిందికే.

మా వీధి ఊడ్చే ఆవిడను ఒకసారి అడిగాను, ఎందుకమ్మా కాలుస్తారని. "బండోళ్లు ఆకులు ఏస్కోరు సారూ. నేనేడ పొయ్యాలె?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆవిడకు చీపురు ఇచ్చాం, వీధులు ఇచ్చాం, ఊడ్చిన ఆకు పోయడానికి చోటు మాత్రం ఇవ్వలేదు. అగ్గిపుల్ల గీసింది ఆవిడే కావచ్చు, ఆ అగ్గిపుల్ల తప్ప ఇంకో దారి లేకుండా చేసింది మనమే.

చెత్తలో ఏముందో కాల్చేవాళ్లకు తెలియదు. సెంటు డబ్బాలు, ఖాళీ లైటర్లు, పాత ఫోను బ్యాటరీలు మంటలో పేలతాయి. పేలిన ముక్కలు నిప్పుతో ఎగిరి పడతాయి. రాగి కోసం పాత కేబుళ్లు కాల్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఎంచుకునేది ఎవరూ చూడని ఖాళీ ప్లాటునే.

తర్వాత కరెంటు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె చుట్టూ నడుమెత్తు గడ్డి లేని కాలనీ నేను అరుదుగా చూశాను. వేసవిలో ఏసీల లోడు పెరిగి ఫ్యూజులు కొట్టేస్తాయి. లూజుగా ఉన్న తీగ దగ్గర రవ్వలు రాలతాయి. కొన్నిచోట్ల ఆయిల్ కారి కింద గడ్డి నూనెతో తడిసి ఉంటుంది. గాలికి తీగలు, కొమ్మలు రాసుకుని రాలే నిప్పు కూడా తిన్నగా ఆ గడ్డి మీదే పడుతుంది.

ఇంకొన్ని మనం లెక్కలోకే తీసుకోనివి. బైకు మీద పోతూ విసిరిన సిగరెట్. పెళ్లి బరాత్‌లో వదిలిన తారాజువ్వ. ముహూర్తాలు ఎక్కువగా ఉండేదీ గడ్డి బాగా ఎండేదీ ఒకే నెలల్లో. నీడ ఉందని ఎండుగడ్డి మీదికి ఎక్కించి నిలిపిన కారు కూడా ప్రమాదమే. దూరం నడిచి వచ్చిన కారు కింద సైలెన్సర్ భాగాలు వందల డిగ్రీల వేడి మీద ఉంటాయి. పొడవాటి గడ్డి వాటికి తగిలితే చాలు.

ప్లాటు ఎవరిదో, పని ఎవరిదో

వెంచర్‌లో ప్లాటు కొన్న మనిషి వేరే ఊళ్లోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉంటాడు. రేటు పెరగాలని కొన్నాడు, ఇల్లు కట్టుకోవాలని కాదు. హద్దురాళ్లు పాతాడు, మళ్లీ చూడలేదు. వానాకాలంలో అక్కడ గడ్డి, వయ్యారిభామ, సర్కారు తుమ్మ మొలుస్తాయి. జనవరికి ఎండడం మొదలవుతుంది. ఈలోపు అది ఎవరిదీ కాని చోటు అయిపోయి చుట్టుపక్కల ఇళ్ల చెత్త అక్కడికే చేరుతుంది. మున్సిపాలిటీ అది ప్రైవేటు స్థలం అంటుంది. అసోసియేషన్ ఓనరు ఫోన్ ఎత్తడంటుంది. ఓనరు నేను చెత్త వేయలేదు కదా అంటాడు. ముగ్గురూ చెప్పేది కొంత నిజమే. ఆ మూడు సగం నిజాల మధ్య గడ్డి ఎండుతూ ఉంటుంది.

చట్టం మాత్రం ఇంత గజిబిజిగా లేదు. చెత్తను వీధుల్లో, బహిరంగ స్థలాల్లో పారేయడం, కాల్చడం, పూడ్చడం చేయకూడదని ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తేల్చి చెప్పాయి. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా బహిరంగంగా చెత్త కాల్చడాన్ని నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 రూపాయలు కట్టాలంది. నిర్లక్ష్యంగా నిప్పుతో వ్యవహరించి మనుషుల ప్రాణాలకు ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇవన్నీ ఉన్నాయి. కానీ నా అభిప్రాయం ఏమిటంటే, వీధి ఊడ్చే మనిషికి జరిమానా వేస్తే మంటలు తగ్గవు. ఓనరుకు నవంబరులో నోటీసు వెళ్తే తగ్గుతాయి.

నవంబరు అనడానికి కారణం ఉంది. గడ్డి పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే గేదెలున్నవాళ్లు వచ్చి ఉత్తినే కోసుకుపోతారు. ఫిబ్రవరి దాటి ఎండిపోయాక దాన్ని ఎవరూ ముట్టరు. అప్పుడు కోయించినా కుప్ప అక్కడే మిగులుతుంది, ఆ కుప్పకు చివరికి అగ్గిపుల్లే దిక్కవుతుంది. నిజానికి ఎండుగడ్డిని కోసి అక్కడే వదిలేయడం కోయకపోవడం కన్నా పెద్ద మేలేమీ కాదు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు, వారి జ్ఞాపకంగా. ఆ వారంలో సిబ్బందిని కాలనీకి పిలిపించుకుని మంటలు ఆర్పడం నేర్చుకోవడం చాలా మంచిది. అయితే గడ్డి సంగతి ఆ వారానికి ఆలోచిద్దాం అనుకుంటే అప్పటికే ఆలస్యం.

ఏం చేస్తే ఆగుతుంది

ప్లాటు మొత్తం గీకించే డబ్బు లేకపోతే అంచులు గీకించండి. ఇళ్ల గోడల వెంట, గుడిసెల చుట్టూ, ట్రాన్స్‌ఫార్మర్ కంచె బయట చుట్టూ పదడుగుల మేర మట్టి కనిపించేలా పార పట్టిస్తే, మామూలు గడ్డి మంట అక్కడికొచ్చి తినడానికి ఏమీ దొరక్క ఆగిపోతుంది. మిగతా గడ్డిని పొట్టిగా ఉంచితే చాలు. గడ్డి మంటలతో ఎక్కువగా బాధపడే ఆస్ట్రేలియాలో ఇళ్ల చుట్టూ గడ్డిని 10 సెంటీమీటర్లు మించనివ్వొద్దంటారు. పొట్టి గడ్డిలో మంటా పొట్టిగానే ఉంటుంది, తడి గోనెసంచితో కొట్టి ఆర్పగలం. గడ్డి కోసే మిషన్ పెట్టిస్తే పొద్దున తొమ్మిదిలోపే ముగించండి. ఇనుప బ్లేడు రాయికి తగిలితే నిప్పు రాలుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ కంచె లోపల గడ్డిని మాత్రం మనం ముట్టకూడదు. 1912కు ఫోన్ చేసి కరెంటు వాళ్లతోనే చేయించాలి. తీగలకు తగిలే కొమ్మల విషయమూ అంతే.

ఆకులకు గొయ్యి ఒక్కటే మందు. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుతో పార్కు మూల ఒక గొయ్యి. ఆకు వేసి, నీళ్లు చల్లి, పైన పలచగా మట్టి. తడిగా, మట్టి కప్పి ఉన్న ఆకు అంటుకోదు. వానాకాలం దాటేసరికి అది ఎరువవుతుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు, ఊడ్చే ఆవిడ బండిని అక్కడిదాకా తోసుకెళ్లే దారి చూపిస్తే చాలు. కొబ్బరి, ఈత చెట్లకు వేలాడే ఎండు మట్టలు మాత్రం కొట్టించేయాలి. కింద మంట వాటిని పట్టుకుని పైకి ఎక్కితే రవ్వలు వీధంతా చల్లుతుంది.

కాంపౌండ్ గోడ పక్కన మనం పేర్చుకున్న సామాను కూడా ఒకసారి చూసుకోవాలి. పాత పరుపు, ప్లైవుడ్ ముక్కలు, అట్టపెట్టెలు, పెయింటు డబ్బాలు. స్లాబు ఇల్లు గడ్డి మంటకు కాలదు. గోడ దాటి పడిన రవ్వ ఈ సామానును పట్టుకుంటే కిటికీ పగలడానికి, ఏసీ బయటి యూనిట్ కాలడానికి, కేబుల్ తీగలు కరిగి రాలడానికి ఎక్కువసేపు పట్టదు.

అయినా అంటుకుందనుకోండి. ముందు 101కి గానీ 112కి గానీ ఫోన్. ఆర్పే ప్రయత్నం చేసి కుదరకపోతే చేద్దాం అనుకోవద్దు. గుడి, స్కూలు, వాటర్ ట్యాంకు లాంటి గుర్తు చెప్పి, ఒక మనిషిని మెయిన్ రోడ్డు మీద నిలబెట్టండి. మామూలు ఫైరింజన్‌లో 4,500 లీటర్ల నీళ్లు ఉంటాయి. వినడానికి ఎక్కువే కానీ పైపు పూర్తిగా తెరిస్తే నిమిషాల్లో అయిపోతాయి. అది దారి వెతుక్కుంటూ తిరగకూడదు, రెండు పక్కలా నిలిపిన కార్ల మధ్య ఇరుక్కోకూడదు. ఇంకో మనిషి పక్క గుడిసెల్లో, షెడ్లలో ఎవరైనా ఉన్నారేమో చూడాలి.

మంట చిన్నదైతేనే చేయి పెట్టండి. గాలి మన వీపుకు తగలాలి, కాళ్ల కింద అప్పటికే కాలిన నేల ఉండాలి. మంటకు ఎదురుగా, కాలని గడ్డిలో ఎప్పుడూ నిలబడొద్దు. పచ్చి వేప మండలతో గానీ తడి గోనెసంచితో గానీ పక్కల నుంచి అణిచి కొడుతూ పోవాలి. ఎత్తి బాదితే రవ్వలు చిమ్ముతాయి. నైలాన్ చీర, పాలిస్టర్ చొక్కాతో దగ్గరికి వెళ్లొద్దు. తీగ తెగిపడి ఉంటే ఎవరూ దగ్గరికి వెళ్లకూడదు, నీళ్లు చల్లకూడదు. ఆరిందనుకున్నాక కూడా కొబ్బరి పీచు, పిడకలు, మొద్దులు గంటల తరబడి లోపల కాలుతూనే ఉంటాయి. వాటిని కర్రతో తిరగేసి నీళ్లు పోయాలి. సాయంత్రం గాలికి మళ్లీ రగిలేవి అవే.

మా వీధి ప్లాటు ఓనరు నంబరు దొరకడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. దసరా తర్వాత ఫోన్ ఎత్తారు, పాపం ఆయనకు అక్కడ గుడిసె ఉందని కూడా తెలియదు. కూలి డబ్బులు పంపారు. గడ్డి పచ్చిగా ఉండగానే గేదెల వాళ్లు రెండు ట్రాలీలు కోసుకుపోయారు. ఫిబ్రవరిలో గోడల వెంట, గుడిసె చుట్టూ పదడుగులు చెక్కించాం. మధ్యలో ఒకచోట తీతువు పిట్ట గుడ్లు పెట్టి ఉంటే, చెక్కేవాళ్లు దాని చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి ఆ కాస్త జాగా వదిలేశారు. మార్చి చివర ఎవరో మళ్లీ ఆ ప్లాటులో చెత్త కాల్చారు. ఆ మంట రెండు గజాలు పాకి, చెక్కిన మట్టి దాకా వచ్చి ఆగిపోయింది.